చేతికొలత

తెల్లవారకముందే, బస్సు మలుపు తిప్పుకునే చోట లైట్లు ఆర్పేసి నిలబడి ఉన్న పసుపు లారీని చూశాక మారిట్ ఇక ఆలోచించలేదని కిందటి వారం చెప్పుకున్నాం. అది ఆమె భర్త గార్త్ ప్రోకాప్ లారీ. దారిలో చెడిపోయిన కార్లను లాక్కెళ్లే ఆ బండిని మా వైపు చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. మారిట్ అతని ఇల్లు వదిలి ఐలి పిన్ని ఇంటి మేడమీది గదిలోకి వచ్చి నెల దాటింది. ఆమె తోలే స్కూలు బస్సులో మొదటి పిల్ల ఎక్కేది ఆ మలుపులోనే. గార్త్ లారీ దిగలేదు, పలకరించలేదు, తిట్టలేదు. ఊరికే కూర్చుని చూశాడు. తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

పిల్లల్ని బడి దగ్గర దింపి, బస్సు షెడ్డులో పెట్టి, తన కారెక్కి నేరుగా లియో జెలిన్‌స్కీ కొట్టుకు వెళ్లింది.

సరస్సు మీంచి వానా మంచూ కానిదేదో అడ్డంగా కొడుతోంది. జింకల వేట మొదలవబోతున్న రోజులు కాబట్టి ఆ కొట్టు ఎప్పుడూ కిటకిటలాడుతూ ఉండాలి. కానీ అది పొద్దుటి తిండి వేళ. వేటగాళ్లంతా ఎదురు హోటల్లో ఉన్నారు. కొట్టులో ఒక పక్క చేపల ఎరలు, ఇంకో పక్క తుపాకులు. వానపాముల డబ్బాలున్న పాత ఫ్రిజ్ గురక పెడుతున్నట్టు మోగుతోంది. కౌంటరు వెనక లియో ఒక్కడే ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. మారిట్ తండ్రితో కలిసి నలభై ఏళ్లు వేటాడినవాడు. చర్చి కింద గదిలో పిల్లలకు తుపాకీ జాగ్రత్తలు నేర్పేది ఆయనే. మారిట్ కూడా అక్కడే నేర్చుకుంది.

ఆమెను చూడగానే "మా డ్రైవరమ్మ వచ్చిందే" అనేవాడు ఎప్పుడూ. ఇవాళ ఆ మాట సగంలో ఆగిపోయింది.

"రా అమ్మాయీ. ఎలా ఉన్నావ్? ఒంట్లో బాగుంటోందా?"

ఈ మధ్య అందరూ ఇలాగే అడుగుతున్నారు. బడి వంటగదిలో హెలెన్ అడిగింది, షెడ్డులో మేనేజరు అడిగాడు, మందుల షాపులో అమ్మాయి తల పక్కకు వంచి మరీ అడిగింది. మొగుణ్ని వదిలొచ్చినదానికి ఊళ్లో ఇలాంటి జాలి తప్పదు కాబోలని మారిట్ సర్దుకుంది.

"బాగానే ఉన్నాను. పిస్తోలు కావాలి లియో. నా చేతిలో ఇమిడేది. మీకు తెలుసుగా, నాన్న రైఫిల్ తప్ప నాకు ఇంకోటి తెలీదు."

లియో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత అద్దాల అర తాళం తీసి, రెండు పిస్తోళ్లు పైకి తీశాడు. ఒక్కోదాన్నీ లాగి లోపల ఖాళీయేనని తను చూసి, ఆమెకు చూపించి, రబ్బరు చాప మీద పక్కపక్కన పెట్టాడు.

"రెండూ ఒకే కంపెనీవి. ఒకే తూటా. ఒక తల్లి పిల్లలే. దూరాన్నుంచి చూస్తే ఏది ఏదో నేను కూడా చెప్పలేను. పట్టుకుంటే తెలుస్తుంది. ముందు ఇది తీసుకో."

మారిట్ పెద్దదాన్ని అందుకుంది. పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా తిరగలేదు. చూపుడు వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు తగిలింది. కాస్త లోపలికి పెట్టాలంటే మణికట్టు పక్కకు తిప్పాల్సి వచ్చింది.

"అదీ సంగతి" అన్నాడు లియో. "దీని పిడిలో తూటాలు రెండు వరసల్లో కూర్చుంటాయి. ఎక్కువ పడతాయి, అందుకే లావు. నువ్వు అలా చెయ్యి తిప్పి కాల్చావంటే గుండు నువ్వు చూసిన చోటికి పోదు, మీ పక్కింటాయన చూసిన చోటికి పోతుంది."

"పిడి సన్నం చెయ్యడానికి వీల్లేదా?"

"పిడి వెనక ఈ పలక ఉంది చూడు, ఇది మారుస్తారు. చిన్నదీ పెద్దదీ పెట్టెలోనే ఇస్తారు. చిన్నది బిగించినా నీకు ఎక్కువే. చెప్పు పెద్దదైతే దూది కుక్కుకోవచ్చు. చెయ్యి చిన్నదైతే ఏం చేస్తాం?"

అలవాటు కొద్దీ వచ్చిన మాటలవి. వాటిలో ఎప్పటి ఉత్సాహం లేదు. ఆమె చేతిలో పెద్దదాన్ని తీసుకుని రెండోది పెట్టాడు.

"దీన్లో ఒకటే వరస. తూటాలు తక్కువ, పిడి సన్నం. చిటికెన వేలు కింద వేలాడకుండా అడుగున ఈ పెదవి లాంటిది పెట్టారు. పొరపాటున పేలకుండా దీనికి బొటనవేలితో నొక్కే సేఫ్టీ ఉంది, దానికి లేదు. కొందరు ఉంటే ధైర్యం అంటారు, కొందరు కంగార్లో మర్చిపోతాం అంటారు. పైనున్న ఈ స్లయిడ్ లాగి చూడు. చేదతో నీళ్లు తోడినట్టు కాదు. ఎడం చేత్తో పైన గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో ముందుకు నెట్టు. ఆఁ, వచ్చింది."

"తేలిగ్గా ఉంది."

"తేలికే దీని రోగం. పేలినప్పుడు వెనక్కి కొట్టే తన్ను, పెద్దదానిలో సగం ఇనుమే మింగేస్తుంది. ఇది మొత్తం నీ అరచేతికే ఇస్తుంది. చిన్నది కదా అని ముద్దు చేస్తే గూబ మీద కొట్టే రకం."

మారిట్ వినడం మానేసింది. పిడి చుట్టూ ఆమె చెయ్యి మూసుకుంది, అంతే. ఎక్కడా వెలితి లేదు, ఎక్కడా బిగువు లేదు. ఇలాంటి వస్తువు ఒకటి తన చేతికి ఇంతగా కుదురుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కుదరకపోతే బాగుండునని, కుదరలేదనే సాకుతో ఇంటికి వెళ్లిపోదామని లోపల్లోపల అనుకున్నట్టు అప్పుడు తెలిసింది.

"ఇది తీసుకుంటాను" అంది.

లియో చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని చాప మీద పెట్టి, పైన తన అరచెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

"ఇవాళ నీకు అమ్మను, అమ్మాయీ."

"ఎందుకు?"

"ఇంకో రోజు రా. మనం కాఫీ తాగుదాం. మా చెల్లెలు చర్చిలో ఒక బృందం నడుపుతుంది, మనసులో ఉన్నది మాట్లాడుకోడానికి. ఆవిడ దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"నేను మాట్లాడుకోడానికి రాలేదు లియో."

"అదే నా భయం."

లియో ఆమె కళ్లలోకి చూడలేక ఫ్రిజ్ వైపు చూస్తూ చెప్పాడు.

"బడిలో వడ్రంగం నేర్పే ఆర్నీ గుర్తున్నాడా? కిందటి వసంతంలో నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. ఇలాగే రెండు పట్టుకుని చూశాడు. నేను ఇవే జోకులేశాను. వాడు నవ్వాడు కూడా. మర్నాడు వాళ్లావిడ ఫోన్ చేసింది, కాల్చుకున్నాడని. అప్పట్నుంచి నేను మనిషి మొహం చూసి అమ్ముతున్నా."

"నా మొహంలో ఏం కనబడింది?"

"నీ మొహంలో కాదులే."

"మరి?"

లియో తలుపు వైపు ఒకసారి చూశాడు. చివరికి చెప్పాడు.

"గార్త్ వచ్చాడు, పోయిన వారం. నీకు నిద్ర పట్టడం లేదన్నాడు. బిడ్డ పోయిన దిగులు మళ్లీ తిరగబెట్టిందన్నాడు. అప్పట్లో వేసుకున్న మాత్రలు మానేశావట. ఇల్లు వదిలిపోయింది కూడా మతి స్థిమితం లేకేనట. నువ్వొచ్చి తుపాకీ అడిగితే ఇవ్వొద్దని బతిమాలాడు. నా ఎదురుగా, ఇక్కడే, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంత మనిషి."

వంటగదిలో హెలెన్, షెడ్డు మేనేజరు, తల వంచిన మందుల షాపు అమ్మాయి, ఒక్కొక్కరే ఆమె కళ్ల ముందుకు వచ్చారు. అది మొగుణ్ని వదిలొచ్చినదాని మీద జాలి కాదు. అందరికీ ఒకే మనిషి ఒకే మాట చెప్పి పెట్టాడు.

రెండేళ్ల కిందట ఊపిరి లేని బిడ్డను ఆసుపత్రిలో ఈ చేతులతోనే పట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు మాత్రలు వేసుకున్న మాట నిజం. మంచం దిగని మాట నిజం. ఆ నిజాన్ని గార్త్ దాచిపెట్టుకుని ఇప్పుడు వాడుకుంటున్నాడు.

"అతను నన్ను ఎప్పుడూ కొట్టలేదు లియో" అంది మెల్లగా. "కొట్టి ఉంటే చూపించుకోడానికి ఒక మచ్చయినా ఉండేది. జనవరిలో ఓ సాయంత్రం బూట్లు లేకుండా నన్ను వరండాలోకి నెట్టి తలుపేశాడు. కిటికీలోంచి నన్ను చూస్తూ సూప్ తాగాడు, గిన్నె ఖాళీ అయ్యేదాకా. తర్వాత తలుపు తీసి, దుప్పటి కప్పి, 'నీకు మతి ఉండటం లేదు మారిట్, నీ అంతట నువ్వే బయటికి వెళ్లిపోయావు' అన్నాడు. అలా ఎన్నోసార్లు. చివరికి నేనే వెళ్లానేమో అనుకునే దాకా వచ్చాను. అప్పుడే బయటపడ్డాను."

"గార్త్?" అన్నాడు లియో. నమ్మలేదని కాదు, నమ్మడానికి చోటు వెతుక్కుంటున్నట్టు. "నా బండిని వాగులోంచి లాగి ఒక్క పైసా పుచ్చుకోలేదు. ముసలమ్మల వాకిళ్లన్నిట్లో మంచు తీసేది వాడే."

"అందుకే ఎవరికీ చెప్పుకోలేదు."

లియో రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆర్నీ చావు తర్వాత ఇంకొక్క తప్పు జరగకూడదని పట్టుదలగా ఉన్న మనిషి. ఆ పట్టుదలతో ఎటు మొగ్గాలో తెలీక నలిగిపోతున్నాడు.

"సరే. వాడి మాట పక్కన పెడతాను. నీ మాటే నిజం అనుకుందాం. అయినా నీకు రెండోది ఎందుకు? ఉన్నదానికి ఏమైంది?"

"ఉన్నదేమిటి?"

"ఇదే. సరిగ్గా ఇదే మోడల్. సెప్టెంబరులో గార్త్ కొన్నాడుగా నీకు, పుట్టినరోజు కానుక అని."

ఫ్రిజ్ మోటారు ఆగిపోయింది.

"నా పుట్టినరోజు మార్చిలో, లియో."

ఆయన చాప మీది పిస్తోలు కేసీ, ఆమె కేసీ మార్చి మార్చి చూశాడు.

"నీకు ఇవ్వలేదా?"

"ఆ ఇంట్లో పిస్తోలు ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. అతను ఏమన్నాడు? ఏమేం అడిగాడు? మొత్తం చెప్పండి."

లియో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒక్కో మాటా గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు. ఆ రోజూ ఇలాగే రెండింటినీ పక్కపక్కన పెట్టాడట. గార్త్ ముందు పెద్దదాన్ని పట్టుకున్నాడు. అతని చేతికి అది కొలతిచ్చి చేయించినట్టుంది. బాగుందన్నాడు, చాలాసేపు వదల్లేదు. చిన్నదాన్ని పట్టుకుంటే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. చివరికి చిన్నదే ఇవ్వమన్నాడు.

"మీ ఆవిణ్ని తీసుకురావయ్యా, చేతిలో పట్టుకుని చూసుకోవాలిగా అన్నాను. ముందే తెలిస్తే కానుక ఏముంటుంది అన్నాడు. జేబులోంచి నీ చేతితొడుగు తీశాడు. తోలుది, గోధుమ రంగు. బొటనవేలి దగ్గర నీలం దారంతో కుట్టు వేసి ఉంది. దాన్ని పిడి చుట్టూ చుట్టి, వేళ్లు ఎక్కడిదాకా వస్తాయో నాకు చూపించాడు. ట్రిగ్గర్ దాకా వేలు అందుతుందా, సులువుగా అందుతుందా అని రెండు మూడు సార్లు అడిగాడు. నేను..." లియో కళ్లద్దాలు తీసి కౌంటరు మీద పెట్టాడు. "నేను మా చెల్లెలికి చెప్పాను. పెళ్లాం చేతికొలత మోసుకు తిరిగే మొగుణ్ని ఇన్నాళ్లకు చూశాను అన్నాను."

ఆ తొడుగు బస్సులో ఎక్కడో పడిపోయిందనుకుని మారిట్ సీట్ల కిందంతా వెతికింది. కుట్టు ఆమే వేసుకుంది. అప్పుడు ఇంట్లో వేరే రంగు దారం లేదు.

ఆమె కౌంటరు అంచు పట్టుకుని నిలబడింది.

"సెప్టెంబరులో నా చేతికి సరిపోయే తుపాకీ కొన్నాడు. నాకు ఇవ్వలేదు, చెప్పలేదు. నేను ఇల్లు వదిలాక, దిగులుతో ఏం చేసుకుంటానో అని ఊరందరికీ చెప్పాడు. మీకూ చెప్పాడు. లియో, ఏదో ఒక రోజు నేను చచ్చిపడి ఉంటే, ఆ తుపాకీ నా చేతిలో ఉంటే, మీరు ఏమనుకునేవారు?"

లియో చాప మీది పిస్తోలును పక్కకు నెట్టాడు.

"పాపం అనుకునేవాణ్ని" అన్నాడు. "గార్త్ ముందే చెప్పాడు, మనమే కాచుకోలేకపోయాం అనుకునేవాణ్ని. నీ శవపెట్టె మోయడానికి నేనూ వచ్చేవాణ్ని. వాడి పక్కన నిలబడి వాడి భుజం తట్టేవాణ్ని."

వీధిలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు. లియో లేచి తలుపుకు గొళ్లెం పెట్టి, మూసి ఉందనే అట్ట తిప్పాడు. వెనక్కి వచ్చి పిస్తోలు తీసుకుని ఆమె వైపు జరిపాడు.

"తీసుకెళ్లు. కొనేవాళ్ల మీద ప్రభుత్వం చేసే తనిఖీ పూర్తి చేసి ఇప్పుడే ఇచ్చేస్తాను. నిన్ను ఆపడానికి నేనెవణ్ని?"

మారిట్ దాన్ని చూసింది. ఒక గంట క్రితం అదే తనకు దిక్కనుకుంది. ఇప్పుడు తాకబుద్ధి కాలేదు.

"వద్దు. దిగులుతో ఉన్న మనిషి తనే వెళ్లి తుపాకీ కొనుక్కుందని రేపు అతను చెప్పుకోడానికి, నేనే సాక్ష్యం ఇచ్చినట్టు అవుతుంది. నాకు ఇది కాదు కావలసింది. ఇప్పుడు నాతో చెప్పిందంతా షెరీఫ్ ముందు చెబుతారా?"

"పెళ్లానికి తుపాకీ కొనడం నేరం కాదంటారు అమ్మాయీ. తొడుగు తేవడం అంతకన్నా కాదు."

"చెబుతారా, చెప్పరా?"

లియో తల దించుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ కావలసినవాడుగా బతికాడు. గార్త్ మీద ఈ మాట అంటే ఎదురు హోటల్లో రేపట్నుంచి తన బల్ల దగ్గర ఎంతమంది కూర్చుంటారో ఆయనకు తెలుసు.

"చెబుతాను" అన్నాడు. "ఆర్నీ విషయంలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి అడగకముందే చెబుతాను."

షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ తనే చేశాడు. పెద్ద రోడ్డు మీద దుంగల లారీ బోల్తా పడింది, అందరూ అక్కడే ఉన్నారు, కాస్త వీలు చూసుకుని మనిషిని పంపుతాం అంది అక్కడి ఆవిడ. అప్పటిదాకా ఇద్దరూ కొట్టులోనే ఉండమంది.

లియో రెండు పిస్తోళ్లనూ అరలో పెట్టి తాళం వేశాడు. స్టవ్ మీద పొద్దుటి కాఫీ వేడి చేసి కప్పులో పోసి ఆమె ముందు పెట్టాడు. అది మాడు వాసన వేస్తోంది. అయినా మారిట్ రెండు చేతులతో కప్పు పట్టుకుని తాగింది. చాలా నెలల తర్వాత, ఒక మనిషి తన మాట నమ్మాడు. సంతోషంగా ఏమీ లేదు. మోస్తున్న బరువుకు రెండో వైపు ఇంకో చెయ్యి పట్టినట్టుంది, అంతే. ఇక ఊరి మొహాలన్నీ ఎదుర్కోవాలి. గార్త్ కన్నీళ్లకూ తన మాటకూ మధ్య ఊరు ఎటు నిలబడుతుందో ఆమెకు బాగా తెలుసు.

సాయంత్రం బస్సుకు వేరే డ్రైవరును చూసుకోమని షెడ్డుకు చెప్పింది. ఆ తర్వాత పిన్నికి ఫోన్ చేసింది. తలుపులన్నీ వేసుకో, నేను వచ్చేదాకా ఎవరికీ తియ్యకు అని చెప్పాలని.

ఐలి పిన్ని చాలాసేపటికి ఎత్తింది. చెవుడు కాబట్టి ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడుతుంది. ఆమె గొంతులో ఏదో సంబరం ఉంది.

"నూరేళ్లు నీకు. ఇప్పుడే అనుకుంటున్నాం నీ గురించి."

"అనుకుంటున్నాం అంటే? ఎవరున్నారు పిన్నీ అక్కడ?"

"కోప్పడకు మరి. గార్త్ వచ్చాడే. నీ చలి బట్టలన్నీ పెట్టెలో సర్ది తెచ్చాడు. గుమ్మంలో నిలబడి చంటిపిల్లాడిలా ఏడిస్తే నేనెలా పొమ్మంటాను? మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నువ్వా చెప్పవు. పెట్టె నీ గదిలో పెడతానని పైకెళ్లాడు. నీ కిటికీ గడియ ఊగుతోందట, అదీ బిగిస్తున్నాడు."

మారిట్ చేతిలో కప్పు ఎప్పుడు కౌంటరు మీదికి వచ్చిందో ఆమెకు తెలీదు. లియో ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"పిన్నీ, నేను చెప్పేది విను. ఏమీ అడక్కు. కోటు వేసుకుని పక్కింటికి వెళ్లిపో. ఇప్పుడే, ఈ నిమిషమే."

"ఏంటే, వినబడటం లేదు. ఇదిగో, దిగొస్తున్నాడు, అతనితోనే మాట్లాడు."

చెక్క మెట్ల మీద దిగివచ్చిన ఆఖరి అడుగుల చప్పుడు. ఫోన్ చేతులు మారింది. తర్వాత ఆ గొంతు. ఊళ్లో ముసలమ్మలందరికీ ఇష్టమైన, ఎన్నడూ పెరగని మెత్తని గొంతు.

"మారిట్. ఎక్కడున్నావ్?"

ఆమె పలకలేదు.

"పరవాలేదు, చెప్పకు" అన్నాడు గార్త్. "నీ పనులన్నీ చూసుకునే రా. నాకేం తొందర లేదు. నువ్వొచ్చేదాకా పిన్నీ నేనూ ఇక్కడే కూర్చుని ఉంటాం."